తెలంగాణ యుద్ధ నవల: సిద్ధాంతాలతో చదివినప్పుడు

హైదరాబాదు సంస్థానంలో 1946 నుంచి 1951 దాకా రైతాంగ సాయుధ పోరాటం నడిచింది. ఆ నడుమ, 1948 సెప్టెంబరులో, భారత సైన్యం పోలీసు చర్య జరిపింది. ఈ రెండింటి చుట్టూ అల్లిన తెలుగు నవలలను స్థూలంగా తెలంగాణ యుద్ధ నవలలు అనవచ్చు. బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’తో మొదలై వట్టికోట ఆళ్వారుస్వామి, మహీధర రామమోహనరావు, దాశరథి రంగాచార్యల చేతుల్లో ఇది ఒక శాఖగా ఎదిగింది. మార్క్సిజం, బహుస్వరతా సిద్ధాంతం, స్త్రీవాదం, అణగారిన వర్గాల చరిత్ర రచన, ఆఘాత సిద్ధాంతం ఒకటొకటిగా ఈ నవలల దగ్గరికి వచ్చాయి. వచ్చిన ప్రతి సిద్ధాంతమూ అవే పుస్తకాల్లోంచి వేరొక యుద్ధాన్ని బయటికి తీసింది.

ఈ పఠనాలను జహీరాబాదు వైపు నుంచి చూడటానికి కారణం ఉంది. షోలాపూరు నుంచి హైదరాబాదుకు సైన్యం వచ్చిన దారిలో ఉన్న పట్టణమది. ఈ వ్యాసంలో చర్చించే తెలుగు నవలలేవీ అక్కడ జరగవు. ఒక సాహిత్య శాఖ ఏం చెప్పిందో తెలుసుకోవడానికి నల్లగొండకు, వరంగల్లుకు పోవాలి. ఏం చెప్పలేదో తెలుసుకోవడానికి పడమటికి రావాలి.

రెండు యుద్ధాలు

మొదటిది రైతుల యుద్ధం. భూమి, వెట్టి, లెవీ దాని మూలాలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సర్కారు లెవీ పేరుతో గల్లా వసూలు చేసేది. దొరల గల్లా గరిసెల్లోనే భద్రంగా ఉండగా చిన్న రైతు గింజలు మాత్రం బండెక్కేవి. యూరపులో నడుస్తున్న యుద్ధం తెలంగాణ పల్లెకు గింజల కొలతగా చేరిందన్నమాట. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు పార్టీ నాయకుల నుంచి సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. సుమారు 3,000 గ్రామాల విముక్తి, 10 లక్షల ఎకరాల పంపకం, 4,000 మంది మరణం అని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో లెక్క చెప్పారు. పోరాటానికి పట్టుగొమ్మలుగా నిలిచినవి నల్లగొండ, వరంగల్లు జిల్లాలు.

రెండోది అయిదు రోజుల యుద్ధం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలోని ప్రధాన దళం షోలాపూరు దారి పట్టింది. నల్దుర్గ్, హుమ్నాబాద్ దాటాక 16వ తేదీ తెల్లవారుజామున లెఫ్టినెంట్ కర్నల్ రామ్‌సింగ్ దళం జహీరాబాదు వైపు కదిలింది. దారిలో మందుపాతరలు ఉండటంతో వాటిని ఏరేదాకా నడక మందగించింది. బీదరు బాట పెద్ద రోడ్డును కలిసే చోట మాటుగాసినవారు కాల్పులు జరిపారు. వాళ్లతో తేల్చుకోవడానికి కొంత బలగాన్ని అక్కడే వదిలి మిగతా దళం ముందుకు సాగి, చీకటి పడేసరికి జహీరాబాదు దాటి 15 కిలోమీటర్లు వచ్చేసింది. ఊళ్ల గుండా పోతున్నప్పుడు నిజాం పక్షపు సాయుధులైన రజాకార్లు ఎదిరించారు. 75 మిల్లీమీటర్ల ఫిరంగులు దిగాక ఆ ప్రతిఘటన నిలవలేదు. మరునాడు, 17న, నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు.

అప్పటికి జహీరాబాదు బీదరు జిల్లాలో ఒక తాలూకా. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నవలల మౌనాన్ని విప్పే తాళంచెవి అందులోనే ఉంది.

నవలలు

‘మృత్యుంజయులు’ 1947లో, పోరాటం నడుస్తుండగానే అచ్చయింది. రచయిత బొల్లిముంత కోస్తా వాసి. అసలైన అర్థంలో యుద్ధకాలపు నవల ఇదే. అచ్చయ్యేనాటికి గెలుపెవరిదో, పోరు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ముగింపు తెలిసి రాసిన నవలకూ, తెలియక రాసిన నవలకూ స్వభావంలోనే తేడా ఉంటుంది. ఇందులో ఆశ ఎక్కువ, సందేహం తక్కువ. తర్వాతి విమర్శకులు దాన్ని లోపంగా లెక్కగట్టారు. ఆనాటికి సందేహించే తీరిక ఎవరికుంది?

ఆళ్వారుస్వామి (1915-1961) దారి వేరు. దేశోద్ధారక గ్రంథమాల ద్వారా పుస్తకాలు అచ్చువేసి, ఊరూరా మోసుకుపోయి అమ్మిన మనిషి. జైలు జీవితాన్ని ‘జైలు లోపల’ కథల్లో రాశాడు. ‘ప్రజల మనిషి’లో దిమ్మెగూడెం అనే ఊరు, దొర రామభూపాలరావు, ఎదురు తిరిగే కంఠీరవం ఉంటారు. ఆంధ్ర మహాసభ, గ్రంథాలయాలు, మతమార్పిడులు, వెట్టి అన్నీ అందులోకి వస్తాయి. తుపాకులు రాకముందే కథ ఆగిపోతుంది. కొనసాగింపు అనదగిన ‘గంగు’ పూర్తికాకుండానే రచయిత కన్నుమూశాడు. రాసినంత వరకు 1965లో అచ్చయింది.

ఆయన వదిలిన చోట అందుకున్నవాడు దాశరథి రంగాచార్య (1928-2015). స్వయంగా పోరాటంలో పాల్గొన్నవాడు. ‘చిల్లర దేవుళ్లు’ (1969), ‘మోదుగు పూలు’ (1971), ‘జనపదం’ (1976) వరుసగా పోరాటానికి ముందు, పోరాటం, ఆ తర్వాతి కాలం. కోస్తా వైపు నుంచి మహీధర రామమోహనరావు ‘ఓనమాలు’, ‘మృత్యువు నీడల్లో’ రాశాడు. హైదరాబాదు నగర జీవితాన్ని భాస్కరభట్ల కృష్ణారావు రాశాడు. అంపశయ్య నవీన్ ‘కాలరేఖలు’ ఆ కాలాన్ని ఒక పిల్లవాడు పెరిగే క్రమంలో చూపి 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది.

ఉర్దూను వదిలేస్తే ఈ పట్టిక సగమే. కిషన్ చందర్ ‘జబ్ ఖేత్ జాగే’ తెలంగాణ మీద వచ్చిన చిన్న నవల. తెల్లారితే ఉరికంబమెక్కే రాఘవరావు ఆ ఒక్క రాత్రిలో తన బతుకంతా తలుచుకోవడమే కథ. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ సినిమాకు మూలం అదే. నిర్మాత బి. నర్సింగరావు నాటి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్ మనిషి. తెలంగాణ పోరాటాన్ని అత్యధిక తెలుగువాళ్లు చూసింది ఒక ఉర్దూ నవల ద్వారా, ఒక బెంగాలీ దర్శకుడి చేతుల మీదుగా. తెలుగు నవలా విమర్శ ఈ విషయానికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

మార్క్సిస్టు పఠనం

ఈ నవలలకు మొదటి గట్టి సిద్ధాంత పఠనం వరవరరావుది. ఆయన పరిశోధన ‘తెలంగాణ విమోచనోద్యమం - తెలుగు నవల’ 1983లో పుస్తకంగా వచ్చింది. సమాజానికీ సాహిత్యానికీ ఉన్న సంబంధాన్ని ఈ నవలల ఆధారంగా విశ్లేషించడం దాని పని. అప్పటిదాకా నవలా విమర్శ ఎక్కువగా ఇతివృత్తం, పాత్రపోషణ, సంభాషణలు అనే గడుల్లో నడిచేది. వరవరరావు వేసిన ప్రశ్న వేరు: పోరాటంలో కదిలిన శక్తులను నవల సరిగ్గా గుర్తించిందా, లేదా? గొప్ప ప్రశ్నే. దానికో ఇబ్బందీ ఉంది. జవాబు ముందే తెలిసిన పరీక్షలో నవలకు మార్కులు వేసినట్టయ్యే ప్రమాదం అందులో ఉంది.

ఆ ప్రమాదాన్ని దాటడానికి హంగేరీ విమర్శకుడు గెయోర్గ్ లూకాచ్ పనికొస్తాడు. 1930లలో మాస్కోలో ప్రవాసంలో ఉంటూ రాసిన ‘చారిత్రక నవల’లో ఆయన వాల్టర్ స్కాట్‌ను తీసుకుని ఒక విషయం గమనించాడు. స్కాట్ కథానాయకులు మహావీరులు కారు. రెండు శిబిరాల మధ్య తిరిగే నడిమి మనుషులు. వాళ్లు అటూ ఇటూ తిరుగుతారు కాబట్టే పాఠకుడికి రెండు వైపులూ కనిపిస్తాయి. చరిత్రలోని పెద్దలు అంచుల్లో ఉంటారు.

ఈ కొలతతో ‘చిల్లర దేవుళ్లు’ చదివితే పాణి పాత్ర కొత్తగా కనిపిస్తుంది. కోస్తా నుంచి తెలంగాణ పల్లెకు బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన సంగీతం మనిషి అతను. కరణం ఇంట్లో కూర్చుంటాడు, దొర గడీలోకి పోతాడు, జనంలోకీ పోతాడు. ఊళ్లోని ఏ ఒక్కరూ గడీలో, గూడెంలో ఒకే కాళ్లతో తిరగలేరు. పాణి తిరగగలడు. ఎర్రజెండా పాఠకులు కొందరు అతన్ని బలహీన కథానాయకుడన్నారు. లూకాచ్ ప్రకారం చూస్తే ఆ బలహీనతే నవలకు బలం. ‘ప్రజల మనిషి’ కంఠీరవానికి ఈ వెసులుబాటు లేదు. అతను ఒక వైపు మనిషి. అందుకే ఆ నవల ఊరి చరిత్రగా కన్నా ఒక కార్యకర్త తయారైన కథగా బాగా నిలుస్తుంది.

ఇంకొంచెం ముందుకు పోవచ్చు. అమెరికా విమర్శకుడు ఫ్రెడరిక్ జేమ్సన్ 1981లో రాజకీయ అంతశ్చేతన గురించి రాసినప్పుడు, కథనం తన కాలపు పరిష్కారం కాని వైరుధ్యానికి ఊహలో పరిష్కారం వెతుక్కుంటుందన్నాడు. ‘చిల్లర దేవుళ్లు’ వచ్చిన 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పెల్లుబికిన ఏడు. స్థానికుడెవరు, స్థానికేతరుడెవరు అన్న మాట ఆఫీసుల్లో, కాలేజీల్లో, బజార్లలో నిప్పులా రగులుతున్న రోజుల్లో తెలంగాణ రచయిత ఒకడు కోస్తా మనిషిని పల్లెకు తెచ్చి, నిలువనీడ ఇచ్చి, ఆ ఊరి కష్టం చూసి మారిపోయేలా చేశాడు. రంగాచార్య ఆ ఉద్దేశంతోనే రాశాడని అననక్కరలేదు. జేమ్సన్ చెప్పేదే ఉద్దేశానికి అందని సంగతుల గురించి. ఇదేవిధంగా 1971 ‘మోదుగు పూలు’ను శ్రీకాకుళ పోరాట నేపథ్యం తీసేసి చదవడం కష్టం. 1940ల యుద్ధం గురించి రాసిన ఈ పుస్తకాలను చదివినవాళ్లు 1970ల యుద్ధం గురించి వాదించుకున్నారు.

గొంతులు

రష్యా విమర్శకుడు మిఖాయిల్ బఖ్తిన్ దృష్టిలో నవల అంటే ఒక భాష కాదు, భాషల జాతర. సమాజంలో అధికారానిది ఒక మాట, బజారుది ఒక మాట, పూజారిది ఒక మాట. నవల వాటిని ఒకదానితో ఒకటి ఢీకొట్టిస్తుంది. తెలుగులో ఈ పఠనానికి తెలంగాణ నవల కన్నా మంచి పొలం లేదు. పైస్థాయి సర్కారు భాష ఉర్దూ, జనం భాష తెలుగు, గ్రంథాల భాష ఇంకొకటి. అమీను, గిర్దావరు, తహసీలుదారు, పట్వారీ, పట్టాదారు వంటి మాటలు ఊళ్లోకి సర్కారును మోసుకొస్తాయి. రంగాచార్య పాత్రలచేత తెలంగాణ పల్లె మాట మాట్లాడించాడు. కథకుడి భాషను మాత్రం శిష్టంగా ఉంచాడు. పాత్రకు మాండలికం, కథకుడికి ప్రామాణికం అనే ఈ పంపకం ఆనాటి నవలల్లో దాదాపు నియమం. జనం బాధ జనం మాటలో వినిపిస్తుంది. దానికి అర్థం చెప్పే హక్కు మాత్రం చదువుకున్న భాషది. పోరాటం గడీని కూల్చినా కథనంలో ఆ మెట్లు అలాగే మిగిలాయి.

బఖ్తిన్ మరో ఊహ, స్థలకాలం, కిషన్ చందర్ నవలకు అచ్చంగా సరిపోతుంది. జైలు గది, ఒక రాత్రి. స్థలం ఎంత కుదించుకుపోతే జ్ఞాపకం అంత విస్తరిస్తుంది. తెలుగు నవలల్లో స్థలం గడీ, అడవి, ఊరు. షోలాపూరు రోడ్డు లాంటి దారి వాటిలో ప్రధాన స్థలంగా కనబడదు. బఖ్తిన్‌కు దారి చాలా ఇష్టమైన స్థలకాలం. వేర్వేరు కులాల, మతాల, స్థాయుల మనుషులు అనుకోకుండా ఎదురుపడేది అక్కడే. తెలుగు, కన్నడ, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినబడే జహీరాబాదు లాంటి ఊరు బఖ్తిన్ పాఠకుడికి పండగ. అక్కడి రైతు ఒక భాషలో బేరమాడి ఇంకో భాషలో తిట్టి మూడో భాషలో పాడుకోగలడు. అలాంటి ఊరిని కేంద్రంగా చేసుకున్న యుద్ధ నవల వచ్చి ఉంటే కథకుడి ప్రామాణిక భాష అంత ధీమాగా నిలబడేది కాదు.

స్త్రీల సాక్ష్యం

ఈ నవలల్లో స్త్రీలు లేరని కాదు. గడీలోని ఆడబాప వ్యవస్థ రంగాచార్య నవలలో కీలకం. దొరసాని కట్నంతో పాటు వచ్చిన దాసీ, దొర ఇష్టానికి లోబడి, పెళ్లి లేక, ఆస్తి లేక గడీలోనే కాలం వెళ్లబుచ్చే మనిషి ఆడబాప. ఆ స్థితిని నవలలోకి ధైర్యంగా తెచ్చిన ఘనత ఆయనది. స్త్రీవాద విమర్శ అడిగింది ఇంకొకటి: ఈ నవలల్లో స్త్రీ బాధితురాలిగా, ప్రేరణగా, పతాకంగా కనిపిస్తుంది, పోరాటం గురించి ఆలోచించే మనిషిగా ఎంత కనిపిస్తుంది?

ఆ ప్రశ్నకు పదును పెట్టింది నవల కాదు, విమర్శా కాదు. స్త్రీశక్తి సంఘటన సేకరించిన మౌఖిక చరిత్ర ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. 1989లో ఇంగ్లీషులోకి వెళ్లింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ప్రియంవద, కమలమ్మ తదితరులు తమ మాటల్లో చెప్పారు. దళంలో తిరగడం, తుపాకి పట్టడం, వైద్యం చేయడం ఒకవైపు. అడవిలో బిడ్డను ఎవరికో అప్పగించి రావలసి రావడం, దళంలో స్త్రీ పురుష సంబంధాల మీద పార్టీ నిఘా, పోరాటం ఆగాక మళ్లీ ఇంటికీ వంటకూ పొమ్మనడం ఇంకోవైపు. ఈ సాక్ష్యాలు చదివాక ‘మోదుగు పూలు’ వైపు తిరిగితే నవలలో లేనివేమిటో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. యుద్ధం ముగిసిన తర్వాతి రోజు గురించిన దిగులు మగ రచయితల కన్నా ఈ స్త్రీల మాటల్లో చాలా స్పష్టంగా ఉంది. నవలలకు యుద్ధం భూమి గురించి. స్త్రీలకు అది భూమితో పాటు ఇంటి నుంచి బయటపడటం గురించి కూడా. ఇంటి నుంచి బయటపడే ఈ యుద్ధానికి విరమణ ప్రకటన ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

ఉర్దూలో జీలానీ బానో ‘ఐవానె గజల్’ (1976) హైదరాబాదు జాగీర్దారీ కుటుంబంలోని స్త్రీల వైపు నుంచి అదే కాలాన్ని చూసింది. తెలంగాణ ఉద్యమం ఆ హవేలీ గోడల మీద పడే నీడగా ఉంటుంది. గడీ బయటి నుంచి రాసిన రంగాచార్యనూ హవేలీ లోపలి నుంచి రాసిన జీలానీ బానోనూ పక్కపక్కన పెట్టి చదివిన పఠనాలు తెలుగులో ఇంకా విస్తారంగా రావాలి.

ఆలస్యం

ఆఘాత సిద్ధాంతం 1990లలో బలపడింది. అమెరికా విమర్శకురాలు కేథీ కారూత్ 1996 పుస్తకం అందుకు ఆధారం. భరించలేని అనుభవం జరిగిన క్షణంలో మనసుకు పట్టుబడదు, ఆలస్యంగా, మళ్లీ మళ్లీ, వంకరటింకరగా తిరిగి వస్తుంది అన్నది దాని సారం. 1948కి, ‘చిల్లర దేవుళ్లు’ వచ్చిన 1969కి మధ్య ఉన్న ఇరవయ్యేళ్ల ఎడాన్ని ఈ సిద్ధాంతంతో వివరించాలనిపిస్తుంది.

తొందరపడకూడదు. ఈ ఆలస్యానికి మనసు కన్నా మామూలు కారణాలు చాలా ఉన్నాయి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం, రచయితలు జైళ్లలో ఉండటం, 1951 విరమణ, 1952 ఎన్నికలు, 1964లో పార్టీ చీలిక. పోరాటం తప్పా ఒప్పా అన్న వాదం పార్టీలోనే తేలనప్పుడు దాని మీద నవల రాయడం తేలిక కాదు. ‘మృత్యుంజయులు’ ఏ ఆలస్యమూ లేకుండా వచ్చిందన్నదీ గుర్తుంచుకోవాలి. ఆఘాత సిద్ధాంతం రైతు యుద్ధానికి కాక, అయిదు రోజుల యుద్ధం తర్వాతి రోజులకు ఎక్కువ వర్తిస్తుంది. ఆ రోజుల గురించే నవలలు పెదవి విప్పలేదు.

చెప్పనిది

ఫ్రెంచి మార్క్సిస్టు పియెర్ మాషెరీ 1966లో సాహిత్యోత్పత్తి గురించి రాసిన గ్రంథంలో విమర్శకుడి పనిని తిరగేశాడు. రచన ఏం చెప్పిందో వివరించడం కాదు, ఏం చెప్పలేకపోయిందో కనిపెట్టాలి. ఆ చెప్పలేనితనం రచయిత అసమర్థత కాదు. ఏ భావజాలం రచనకు నోరిచ్చిందో అదే దానికి హద్దులూ గీస్తుంది.

పోలీసు చర్య తర్వాత సంస్థానపు పడమటి జిల్లాల్లో ముస్లింల మీద పెద్ద ఎత్తున హత్యలు, దోపిడీలు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో ఒక బృందాన్ని పంపింది. వారు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో పర్యటించి నివేదిక ఇచ్చారు. మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 దాకా ఉండవచ్చని వారి అంచనా. బాగా దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలని రాశారు. ఆ నివేదిక ప్రజలకు అందుబాటులోకి వచ్చేసరికి 2013 అయింది. పోలీసు చర్యకు ముందు రజాకార్లు పల్లెల మీద పడి చేసిన దాడులు, హత్యలు, గృహదహనాలు కూడా అంతే నిజం. తెలుగు నవల ఈ రెండో విషయాన్ని విస్తారంగా రాసింది. మొదటిదాన్ని చాలావరకు వదిలేసింది.

ఎందుకు? మాషెరీ దారిలో పోతే దొరికే జవాబు: వర్గపోరాట కథనంలో రజాకారుకు చోటుంది, అతను దొర చేతి ఆయుధం. పేద ముస్లిం రైతుకూ చోటుంది, అతను సోదరుడు. సైన్యం వచ్చాక, అతని పొరుగువాడే అతన్ని చంపిన రోజుకు మాత్రం ఆ కథనంలో గది లేదు. వర్గం అక్కడ పొరుగువాణ్ణి ఆపలేకపోయింది. కార్యకర్త రచయితకు అంతకన్నా మింగుడుపడని వాస్తవం ఇంకోటి లేదు. పైగా అదే సైన్యం అదే నెలల్లో కమ్యూనిస్టుల మీదికి తిరిగింది. నవలలు తమ గాయాన్ని రాసుకున్నాయి.

అణగారిన వర్గాల చరిత్రకారుడు రణజిత్ గుహ 1983లో, వరవరరావు పుస్తకం వచ్చిన ఏడే, తిరుగుబాట్ల గురించిన సర్కారు రాతలను ఎలా చదవాలో ఒక వ్యాసం రాశాడు. అధికారి నివేదిక, దాని మీద ఆధారపడ్డ చరిత్రకారుడి గ్రంథం, తిరుగుబాటు పక్షం వహించిన గ్రంథం, ఈ మూడూ తిరగబడ్డ మనిషి చైతన్యాన్ని తమ అవసరానికి మలుచుకుంటాయని ఆయన వాదన. యుద్ధ నవలను ఆ మూడో వరుసలో నిలబెట్టి చదవవచ్చు. అది సానుభూతిగలదే. అయినా తన కథానాయకుడు కానివాడి మనసులోకి తొంగిచూడదు.

కథా ప్రక్రియ కొంత మేలు. నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ హైదరాబాదు పతనాన్ని నగరంలోని హిందూ ముస్లిం స్నేహాల వైపు నుంచి చెప్పింది. పాకిస్తాన్ వెళ్లిపోయిన ఇబ్రహీం జలీస్ ఉర్దూలో ‘దో ముల్క్ ఏక్ కహానీ’ రాశాడు. ‘జల్‌జలా’ (1998) కవితా సంకలనం తర్వాత వచ్చిన ముస్లింవాద సాహిత్యం పోలీసు చర్యను కుటుంబ జ్ఞాపకంగా మళ్లీ తెరిచింది. కవి అఫ్సర్ అమెరికాలో బోధిస్తూ 2023లో ఇంగ్లీషులో వెలువరించిన ‘రీమేకింగ్ హిస్టరీ’ పోలీసు చర్యనూ హైదరాబాదు ముస్లింలనూ మౌఖిక కథనాలు, తెలుగు, ఉర్దూ రచనలు కలిపి చదివింది. ప్రవాసంలోని తెలుగు కవి రాసిన పుస్తకం తెలంగాణ పాఠకుణ్ణి పాత నవలల దగ్గరికి తిరిగి పంపుతోంది.

భావజాలంతో అంతా తేలిపోదు. ఇంకో కారణం పటంలో ఉంది. సుందర్‌లాల్ బృందం పేర్కొన్న నాలుగు జిల్లాల్లో ప్రధాన భాగం 1956 నవంబరు 1న తెలుగు రాష్ట్రానికి బయట పడింది. ఉస్మానాబాదు, నాందేడు మరాఠీ వైపు, గుల్బర్గా, బీదరు కన్నడం వైపు వెళ్లాయి. తెలుగుకు మిగిలినవి అంచు ముక్కలు. బీదరు నుంచి జహీరాబాదు తాలూకా, అదీ నిర్ణా సర్కిల్ మినహా. న్యాల్కల్ సర్కిల్, నారాయణఖేడ్. గుల్బర్గా నుంచి కొడంగల్, తాండూరు. నాందేడు నుంచి ముధోల్, భైంసా ప్రాంతం. జహీరాబాదు మెదక్ జిల్లాలో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. యుద్ధం జరిగిన ఎనిమిదేళ్లకు గాని ఆ ఊరు తెలుగు సాహిత్య పటంలోకి రాలేదు. వచ్చేనాటికి పటం మధ్యలో నల్లగొండ స్థిరపడిపోయింది. పోరాట జ్ఞాపకాలను భద్రపరిచిన పార్టీ శాఖలు, గ్రంథాలయాలు, పత్రికలు, రచయితలు ప్రధానంగా తూర్పు జిల్లాలవారు. పడమటి తాలూకాల జ్ఞాపకం ఉర్దూలో, కన్నడంలో, మరాఠీలో, ఎక్కువగా ఎవరూ రాయని దక్కనీ మాటల్లో చెదిరిపోయింది.

కాబట్టి జహీరాబాదు మౌనాన్ని చదవాలంటే మాషెరీ ఒక్కడు చాలడు. తెలుగు నవల మీద పరిశోధించే విద్యార్థికి ఉర్దూ రావాలి, కన్నడం కొంత అర్థం కావాలి, చెప్పేవాళ్ల ముందు కూర్చునే ఓపిక ఉండాలి. ఈ ప్రాంతంలో ఆ చివరి పని కొత్తేమీ కాదు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టి విత్తనాల ముచ్చట్లు, పాటలు తమ మాటలోనే ప్రసారం చేశారు. అవి యుద్ధం గురించినవి కావు, జొన్నలు, కొర్రలు, భూమి గురించినవి. రాయనివాళ్ల మాటను రికార్డు చేసే పద్ధతి, పరికరం, అలవాటు మాత్రం షోలాపూరు రోడ్డుకు కూతవేటు దూరంలో ఉన్నాయి. 1948లో పదేళ్ల పిల్లలుగా ఉన్నవారికి ఇప్పుడు తొంబై దగ్గరపడుతోంది.